కాలితో వేసిన ఎరుపు

'చూడగానే అర్థంకాని బొమ్మ ప్రజల బొమ్మ కాదు' అనే సూత్రం మన శిబిరంలో ఇంకా చెలామణి అవుతూనే ఉంది. జపాన్ చిత్రకారుడు షిరాగా కజువో 1969లో వేసిన నైరూప్య చిత్రం నకలొకటి మదనపల్లె గోష్ఠిలో నేను సభ ముందు పెట్టాను. దాని పేరు 'గెకిదో సురు అకా'. ఉద్ధృతంగా కదిలే ఎరుపు అని చెప్పుకోవచ్చు. అందులో మనిషి లేడు, చెట్టు లేదు. చిక్కని ఎర్రరంగూ, ఆ రంగును తొక్కి ఈడ్చిన పాదాల జాడలూ ఉన్నాయి. ఒక మిత్రుడు లేచి 'ఇది బూర్జువా వర్గపు పిచ్చి' అని తీర్పు చెప్పారు. ఆ తీర్పుతోనే నా పేచీ.

షిరాగా 1924లో అమగసాకిలో పుట్టాడు. క్యోటోలో సంప్రదాయ చిత్రకళ నేర్చాడు. 1954లో కుంచె వదిలి, నేలమీద పరచిన కాగితంపైనా బట్టపైనా కాళ్లతో రంగు తొక్కడం మొదలుపెట్టాడు. తర్వాత పైనుంచి వేలాడే తాడు పట్టుకొని తొక్కేవాడు. 1955లో టోకియోలో 'గుతాయ్' బృందం ప్రదర్శనలో బురదలోకి దిగి ఒంటితో పెనుగులాడాడు.

ఇది ఏ నేలలో మొలిచిందో చూడవద్దా? యుద్ధకాలంలో జపాన్ సైన్యం చిత్రకారులచేత వేయించినవి అచ్చమైన వాస్తవిక చిత్రాలు. అత్తు ద్వీపంలో సైనికుల ఆఖరి పోరును ఫుజితా 1943లో చిత్రించాడు. ఆ బొమ్మ ఎవరికి అర్థం కాలేదు? అందరికీ అర్థమైంది. అందుకే సామ్రాజ్యానికి అంతగా పనికివచ్చింది. వాస్తవికత దానంతటదే ప్రజాపక్షం కాదని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం కావాలా? ఆ ఆజ్ఞాబద్ధమైన కళ తర్వాత వచ్చిన తరం, ఎవరి ఆజ్ఞా లేకుండా తన ఒంటి బరువునే నమ్ముకుంది.

అమెరికా ప్రచ్ఛన్నయుద్ధంలో నైరూప్యకళను తన జెండాగా వాడుకోలేదా అంటారు. వాడుకుంది. గుతాయ్ చిత్రాలు 1958లో న్యూయార్క్ చేరిన మాటా నిజమే. కాని కొడవలిని దొంగ ఎత్తుకుపోతే కమ్మరి దొంగవుతాడా? అవినీతి అధికారులపై తిరగబడ్డ 108 మంది వీరుల పాత చైనా నవల ఒకటుంది. ఆ తిరుగుబాటుదార్ల పేర్లనే షిరాగా తన అనేక చిత్రాలకు పెట్టుకున్నాడు.

ఇక 'ప్రజలకు అర్థం కాదు' అనే మాట. ఏ ప్రజలను అడిగి చెబుతున్నారు? అదే నకలు పట్టుకొని నేను పుంగనూరు, కుప్పం వెళ్లాను. పుంగనూరులో వాకిట మెలికల ముగ్గు వేస్తున్న ఒకామెను ఇది దేని బొమ్మ కావచ్చమ్మా అని అడిగితే, 'ముగ్గును దేని బొమ్మా అని ఎవురన్నా అడుగుతారా?' అని నవ్వింది. కుప్పం దగ్గర ఒక కుమ్మరి చాలాసేపు చూసి, 'ఈయప్ప మడమ మింద బరువేసి తిరిగినాడు సామీ, మన్ను తొక్కినట్లే' అన్నాడు. మన విమర్శకులకు అందనిది ఆయన కాళ్లకు అందింది.

అంతదూరం ఎందుకు? చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్ వెళ్లి, ఒకే లోహపు పలకమీద వేర్వేరు చిక్కదనాల రంగులు నింపి ఒక్కసారిగా ముద్రించే పద్ధతిని తీర్చిదిద్దాడు. 1963లో 'సుడిగుండం' చెక్కాడు. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. ఆయన పేరు మన విమర్శలో ఎన్నిసార్లు వినబడింది?

కోపగించవలసిన చోటు వేరే ఉంది. షిరాగా 2008లో చనిపోయాడు. ఈ ఎర్ర చిత్రం 2014లో పారిస్ వేలంలో సుమారు 39 లక్షల యూరోలు పలికింది. మన్ను తొక్కే కుమ్మరికి కూలి గిట్టదు. తొక్కిన రంగు మాత్రం ధనికుల సొత్తయింది. దోపిడి ఆ ఎరుపులో లేదు, వేలంపాటలో ఉంది.

కాబట్టి మిత్రులారా, 'ఇది దేని బొమ్మ?' అని అడగడం చాలించండి. ఎవరు చేశారు, దేన్ని కాదని చేశారు, ఇప్పుడది ఎవరి చేతుల్లో చిక్కింది అని అడగండి. ఊరి గ్రంథాలయంలో, బడి గోడమీద నకళ్లయినా వేలాడదీసి జనాన్ని చూడనివ్వండి. వాళ్లు చూడకముందే వాళ్ల తరఫున తీర్పు చెప్పే హక్కు మనకెవరూ ఇవ్వలేదు.