ఈడర్ బడిలో ఇద్దరు

గుజరాతీ నవలాకారుడు పన్నాలాల్ పటేల్‌ను మెచ్చుకునేవాళ్లు ముందు ఆయనకు పెద్ద చదువు లేదన్న సంగతే ఎత్తుతారు. ఆ మెప్పులో నాకు చిన్నచూపే కనిపిస్తుంది. బడి మధ్యలోనే మానేశాడు, పొట్టకూటికి డుంగర్‌పూర్‌లో మద్యం తయారుచేసే చోటా పనిచేశాడు, నిజమే. కానీ 1947 నాటి 'మానవీని భవాయి' నవలలో ఛప్పనియా అని పేరుపడ్డ కరువు పల్లెను ఎలా పీల్చి పిప్పి చేసిందో రాయడం ఏ పట్టా నేర్పుతుంది? ఈడర్ బడిలో సహాధ్యాయి ఉమాశంకర్ జోషి 1936లో మళ్లీ కలిసి రాయమని ప్రోత్సహించాడు. ఉమాశంకర్ తర్వాత గుజరాత్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరయ్యాడు. ఉమాశంకర్‌కు 1967లోనే (కన్నడ కువెంపుతో కలిపి) వచ్చిన జ్ఞానపీఠం పన్నాలాల్‌కు 1985 దాకా అందలేదు. చదువు లేదని ఇప్పటికీ ముచ్చటపడే విమర్శకులు ఆ జాప్యం గురించి కూడా కాస్త మాట్లాడితే వింటాను.