కొనలేని కారు దగ్గర అన్నీ అడిగినాను, కొన్న ట్రాక్టర్ దగ్గర ఒక్కటీ అడగలేదు

ఈసారి పోస్టు కొంచెం పొడుగైంది. శనగ ఇంటికి చేరింది కదా, తీరిగ్గా చదవండి.

పోయిన నెల హైదరాబాదులో ఉన్న మా పెద్దోని దగ్గరికి పోయినాను. "నాయనా, చార్మినార్ చూద్దామా, గోల్కొండ పోదామా?" అన్నాడు. "అవి ఎప్పుడో చూసినాం లేరా. లంబోర్గిని కారు యాడన్నా ఉంటే చూపించు" అన్నాను. వాడు పడీపడీ నవ్వినాడు. మీరూ నవ్వుతారని తెలుసు. నాకు చిన్నప్పటి నుంచి ఇంజన్ల పిచ్చి. కేసీ కాలవ గట్టున ఆయిల్ ఇంజన్ మోగుతుంటే బడికి పోకుండా నిలబడి దెబ్బలు తిన్నోణ్ణి.

వాడు జూబ్లీహిల్స్ వైపు ఒక షోరూముకు తీసకపోయినాడు. సెకండ్ హ్యాండులో పెద్ద పెద్ద కార్లు అమ్మేది. గాజు తలుపు దగ్గర సెక్యూరిటీ అతను నా పంచె చూసి, చెప్పులు చూసి, "ఎవరు కావాల పెద్దాయనా?" అన్నాడు. "ఎవరూ వద్దు నాయనా. కొనేదానికి రాలేదు, చూసేదానికి వచ్చినాం" అని ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. లోపల్నుంచి ఒక పిల్లోడు వచ్చి, "రండి సార్, చూడండి. చేయి పెట్టకుంటే చాలు" అన్నాడు.

లోపల ఆరెంజి రంగు లంబోర్గిని హురకాన్. నేలకూ దానికీ మధ్య జానెడు సందు కూడా లేదు. మన ఊరి స్పీడ్ బ్రేకర్ మీద ఎక్కదు. ఇంజన్ ముందర లేదు, సీట్ల వెనకాల ఉంది. పది సిలిండర్లు, 610 హార్స్ పవర్. నా ట్రాక్టర్‌కు 42. అయినా దాన్ని తెచ్చి రేగడిలో మడక కడితే కదలదు. అది వేగం కోసం పుట్టింది, మనది లాగడం కోసం పుట్టింది. గేర్లతో వేగాన్ని తగ్గించి, ఆ బలాన్నంతా పెద్ద చక్రాలకు ఇస్తారు. అందుకే 42తోనే దుక్కి దున్నుతుంది.

ఇంక నేను అడగడం మొదలుపెట్టినాను. ఇంతకు ముందు ఓనర్లు ఎందరు? సర్వీసుకు ఎంతవుతుంది? టైరు ధర ఎంత? ఇన్సూరెన్సు ఎంత? అప్పు ఇస్తే వడ్డీ ఎట్లా కడతారు? ఆర్సీ మీద ఇంకా ఎవరి బాకీ అయినా ఉందా? ఆ పిల్లోడు ఓపిగ్గా అన్నీ చెప్పినాడు. అరగంట ఉన్నాం. నాకు సిగ్గనిపించలేదు. మన దగ్గర బండలాగుడు పోటీలకు వేలమంది వస్తాం. ఎద్దుల పళ్లు చూస్తాం, నడక చూస్తాం, ఎవరు మేపినారని అడుగుతాం. "నువ్వు కొంటావా?" అని ఎవరన్నా గెంటేస్తారా? మంచి ఎద్దును చూసినట్టే మంచి యంత్రాన్ని చూడడం.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ కారు పేరు ఒక రైతు ఇంటి పేరు. ఫెరూచియో లంబోర్గిని 1916లో ఇటలీలో వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినాడు. యుద్ధంలో మెకానిక్ పని చేసి వచ్చి, మిలిటరీ వాళ్లు వదిలేసిన బండ్ల సామాన్లతో ట్రాక్టర్లు చేసినాడు. 1948లో ట్రాక్టర్ కంపెనీ పెట్టినాడు. కార్ల కంపెనీ 1963లో, అంటే పదిహేనేళ్ల తర్వాత. ఫెరారీ కారు క్లచ్ బాగలేదని ఆ కంపెనీ యజమానికే చెబితే, నువ్వు ట్రాక్టర్లు తోలుకో అన్నట్టు మాట్లాడినాడని, ఆ రోషంతోనే కార్లు మొదలుపెట్టినాడని ఒక కథ ఉంది. చివరికి అన్నీ అమ్ముకుని మళ్లీ ద్రాక్ష తోట చేసుకున్నాడు. ఆయన ట్రాక్టర్ కంపెనీని 1973లో సేమ్ అనే కంపెనీ కొనింది. వాళ్లకు మన దేశంలో రాణిపేటలో ఫ్యాక్టరీ ఉంది. నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా పోయే మన 40వ నంబరు హైవే చివర ఉండే ఊరే ఆ రాణిపేట.

ఇంతవరకూ సంతోషమే. తిరుగు బస్సులో కర్నూలు దాటినాక నాకు నిద్ర పట్టలేదు.

2016లో ట్రాక్టర్ కొన్న రోజు గుర్తొచ్చింది. ఆ షోరూము పేరు వద్దులే. కుర్చీ వేసినారు, కూల్ డ్రింక్ ఇచ్చినారు, మెడలో దండ వేసి ఫోటో తీసినారు. వాళ్లు వేలు పెట్టిన చోటల్లా సంతకాలు పెట్టినాను. పక్కన ఊరోళ్లు నలుగురు ఉన్నారు. వడ్డీ ఎట్లా కడతారని అడిగితే చిన్నతనం అనుకున్నాను. ఆరడుగుల రోటావేటర్‌కు ఈ బండి సరిపోతుందా అని కూడా అడగలేదు. మన నల్లరేగడిలో వేస్తే దగ్గింది. కొనలేని కారు దగ్గర గంపెడు ప్రశ్నలడిగిన నోరు, ఐదేళ్లు కంతులు కట్టే బండి దగ్గర మూతపడింది.

వడ్డీ సంగతి మావాడు తర్వాత లెక్క కట్టి చూపించినాడు. మీరూ చూడండి. ఆరు లక్షల అప్పు, ఐదేళ్లు, 8 శాతం. ఫ్లాట్ వడ్డీ అయితే మొత్తం వడ్డీ 2,40,000. అదే 8 శాతం తగ్గే బాకీ మీద, ఆరు నెలలకొక కంతు చొప్పున కడితే దాదాపు 1,40,000. రెండుచోట్లా చెప్పేది "ఎనిమిది శాతమే అన్నా" అనే. లక్ష తేడా. ఒక్క మాట అడగనందుకు లక్ష.

2022 జనవరిలో తుమకూరు రైతు ఒకాయన పికప్ బండి కొనేదానికి పోతే, "నీ జేబులో పది రూపాయలు కూడా ఉండవు" అని షోరూములో ఎగతాళి చేసినారని, ఆయన గంట లోపలే పది లక్షలు తెచ్చి చూపించినాడని పేపర్లలో వచ్చింది. మనమందరం షేర్ చేసి ఈలలు వేసినాం. నాకూ రక్తం పొంగింది. కానీ ఇప్పుడు ఒకటి అనిపిస్తాంది. డబ్బు చూపిస్తేనే మర్యాద అని మనమే ఒప్పుకున్నట్టు కాదా? తేలేనోని సంగతేంది? అవమానం చేస్తే రోషంతో కొంటాం, దండ వేస్తే మొహమాటంతో కొంటాం. రెండు చోట్లా నష్టం మనకే.

అందుకే చెప్తున్నాను. షోరూముకు ముందు చూసేదానికి పోండి. మొదటి రోజు సంతకం పెట్టొద్దు. "చూసేదానికి వచ్చినా" అని ధైర్యంగా చెప్పండి. పీటీఓ దగ్గర హెచ్‌పీ ఎంతో అడగండి, అది ఇంజన్ హెచ్‌పీ కంటే తక్కువుంటుంది. మీ నేలకు, మీ పనిముట్టుకు సరిపోతుందా అడగండి. వడ్డీ ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అడగండి. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే రిటైల్ అప్పులకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని, అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఏటా అసలు ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. ఆ కాగితం చేతికొచ్చినాకనే పెన్ను పట్టండి. అప్పు తీరినాక ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్సీలో ఫైనాన్స్ పేరు తీయించుకోండి. నేను అది చేయించుకునేదానికి రెండేళ్లు తిరిగినాను.

పంచె కట్టుకుని కోట్ల రూపాయల కారు దగ్గర నిలబడితే నన్నెవరూ ఏమీ అనలేదు. మరి మన పైసలు మనం ఇచ్చే చోట మనకెందుకు భయం?

మీరు ట్రాక్టర్ కొన్నప్పుడు ఏం అడిగినారు, ఏం అడగలేకపోయినారు? కింద రాయండి. కొత్తగా కొనబోయే పిల్లోళ్లకు పనికొస్తుంది.