కొండగుర్తులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో అంగడి బల్లలను జదువుచు నడచినచో 'విద్యార్ధి', 'గ్రంధాలయము', 'ప్రతిష్ట' యను రూపములు పలుచోట్ల కనుపట్టుచున్నవి. వ్రాయువారిని నిందించి ప్రయోజనము లేదు. మహాప్రాణముల భేదము వాడుక పలుకుబడిలో స్పష్టముగా వినబడదు. చెవి చెప్పని దానిని మనస్సు పట్టుకొనవలెను. అందులకే మన పెద్దలు కొండగుర్తులు కల్పించిరి. 'యమాతారాజభానసలగం' అను పది యక్షరములలో ఎనిమిది గణములును ఇమిడియున్నవి గదా!

వర్ణక్రమమునకును అట్టి గుర్తులు వలయును. అర్థమున్న మాటకు కడుపులో చుక్క యుండును; సగమను అర్ధమునకు కడుపు ఖాళీ. విద్య నర్థించువాడు విద్యార్థి. కావున వానికిని చుక్క తప్పదు. గ్రంథమునకును అంతియే. నిష్ఠ, ప్రతిష్ఠ, అనుష్ఠానము అనునవి నిలుచుట యను నర్థముగల 'స్థా' ధాతువునుండి పుట్టినవి. వానియందు మహాప్రాణము నిలిచియున్నది. నష్టము, భ్రష్టములకు ఆ ప్రాణము లేదు. ఇట్టివి బాలురు మరువరు. ఏలయన గుర్తుతోపాటు కారణమును గలదు. కారణమెరుగని కంఠపాఠము పరీక్ష దాటువరకే నిలుచును.

నిజాము రాజ్యమున ఉర్దూ బోధనభాషగా నున్న దినములలో ఇచ్చటి తెలుగువారు గ్రంథాలయములు నెలకొల్పి తమ భాషను నిలుపుకొనిరి. మాతృభాషలో విద్య కావలెనని కోరిన ఆంధ్రమహాసభ 1941లో కోదాడ చేరువనున్న చిలుకూరున సమావేశమైనది. అంత శ్రమించి దక్కించుకొన్న యక్షరమును నేడు తప్పుగ వ్రాయుట మనకు తగదు. ఉపాధ్యాయులు దినమున కొక మాటను కారణముతో నేర్పుదురుగాక! బల్లలు వ్రాయించు వర్తకులు ముందుగ నిఘంటువు చూతురుగాక!