‘మధ్యలో ఏమీ లేదు’ అనేవాళ్ళతో ఒక పేచీ

కెనడా గురించి తెలుగులో వచ్చే యాత్రాకథనాల్లో ఒక వాక్యం నాకు పదే పదే తగులుతూ ఉంటుంది. మాటలు మారతాయి గానీ సారం ఒకటే: ఆ తర్వాత వెయ్యి కిలోమీటర్లు చూడ్డానికి ఏమీ లేదు. నయాగరాకి మూడు పేజీలు, బాన్ఫ్ కొండలకి నాలుగు, లేక్ లూయీస్ నీళ్ళ రంగుకి ఇంకో రెండు పేరాలు. మధ్యలో ఉన్న మానిటోబా, సస్కాచెవాన్, సగం ఆల్బెర్టా కలిపి ఒక్క ముక్కలో సరి. పాటలు విన్నాం, గ్యాస్ కొట్టించాం, అదృష్టం కొద్దీ రెజైనాలో బిర్యానీ దొరికింది. అయిపోయింది ప్రెయిరీ.

విసుగు పుట్టడం నేరమేం కాదు. విన్నిపెగ్ నుంచి కాల్గరీకి ట్రాన్స్ కెనడా హైవే మీద సుమారు 1,300 కిలోమీటర్లు నేనూ నడిపాను. స్టీరింగ్ తిప్పే పని కూడా పెద్దగా ఉండదు. విసుగొచ్చింది. అయితే ‘నాకు విసుగొచ్చింది’ అనేది రాసేవాడి గురించి చెప్పే మాట. ‘అక్కడ ఏమీ లేదు’ అనేది ఆ నేల గురించి చెప్పే మాట. మొదటిది నిజం కావచ్చు. రెండోది పచ్చి అబద్ధం, పైగా చాలా పాత అబద్ధం.

ఎంత పాతదంటే, 1872లో వచ్చిన డొమినియన్ లాండ్స్ చట్టం దాని మీదే నిలబడింది. పది డాలర్ల రుసుము కట్టి, అక్కడే కాపురం పెట్టి, కొంత భూమి దున్నితే 160 ఎకరాలు మీవి. అలా పంచిపెట్టాలంటే నేల ఖాళీగా ఉండాలి కదా. లేదు. కాబట్టి ఖాళీ చేశారు. 1870ల చివరికి బైసన్ మందలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. వాటి మీదే బతికిన క్రీ, బ్లాక్‌ఫుట్ ప్రజలకి ఆకలి మిగిలింది. రైలుదారి పడే చోటినుంచి జనాన్ని కదిలించడానికి ప్రభుత్వం తిండిని ఎలా ఆయుధం చేసుకుందో జేమ్స్ డాషుక్ ‘క్లియరింగ్ ద ప్లెయిన్స్’ (2013)లో ఆధారాలతో రాశాడు. 1885 తిరుగుబాటు తర్వాత రిజర్వు దాటి వెళ్ళాలంటే ప్రభుత్వ ఏజెంటు దగ్గర పాస్ తీసుకోవాలన్నారు. ఆ పద్ధతికి చట్టమేదీ లేదు, అయినా దశాబ్దాల పాటు నడిచింది. మనం రెంటల్ కారులో ఎవర్నీ అడక్కుండా దూసుకుపోయే చోటే ఇదంతా జరిగింది.

ఇక ఊళ్ళు. మన కథనాల్లో రెజైనా అంటే రాత్రి పడుకున్న హోటల్. ఆ పేరు లాటిన్‌లో రాణి, అంటే విక్టోరియా. 1882కి ముందు క్రీ భాషలో ఆ చోటుకున్న పేరుకి అర్థం ఎముకల కుప్ప. బైసన్ ఎముకలు అక్కడ గుట్టలు పడి ఉండేవి. తర్వాత వాటిని కూడా రైలెక్కించి ఎరువుకీ పరిశ్రమలకీ అమ్ముకున్నారు. మేటీల నాయకుడు లూయీ రియెల్‌ని 1885 నవంబరు 16న ఉరితీసింది ఆ ఊళ్ళోనే. విన్నిపెగ్‌లో 1919లో సుమారు 30 వేల మంది కార్మికులు ఆరు వారాలు సమ్మె చేశారు. పోలీసులు కాల్పులు జరిపారు, ఇద్దరు చనిపోయారు. సస్కాచెవాన్‌లో 1962లో మొదలైన ప్రభుత్వ వైద్య బీమాయే తర్వాత కెనడా అంతటికీ నమూనా అయింది. ఇవాళ అక్కడున్న మన బంధువులు జేబులోంచి కార్డు తీసి డాక్టరుకి చూపిస్తున్నారంటే దాని మూలం ‘ఏమీ లేని’ ఈ చోటే.

సెలవులకి వెళ్ళినవాడు చరిత్ర పాఠం చెప్పాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ఫొటోలు పెట్టుకోండి, ఎవరు కాదన్నారు? కానీ పుస్తకం వేసి, దాన్ని సాహిత్యం అని పిలిచి, మమ్మల్ని చదవమన్నప్పుడు లెక్క మారుతుంది. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గమ్యం కాశీ. అయినా ఆయన మజిలీల్ని ఎగరగొట్టలేదు. ఏ ఊళ్ళో నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళు ఉన్నాయా, దారి ఎలాంటిది, అన్నీ రాశాడు. అందుకే 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ ఇప్పటికీ పనికొస్తోంది. ఆయన దగ్గర గూగుల్ లేదు, జీపీఎస్ లేదు. మన దగ్గర రెండూ ఉండి ‘ఏమీ లేదు’ అని రాస్తున్నాం.

మనకి సంబంధం లేని నేల కూడా కాదది. మన దేశం దిగుమతి చేసుకునే మసూర్‌పప్పులో, ఎండు బఠాణీల్లో పెద్ద వాటా సస్కాచెవాన్ పొలాలది. 2017 చివర్లో మన ప్రభుత్వం బఠాణీల మీద 50 శాతం, మసూర్ మీద 30 శాతం సుంకం వేస్తే ఆ రైతుల లెక్కలు తలకిందులయ్యాయి. కారు అద్దంలోంచి ‘ఏదో పంట’గా కనిపించింది మన కంచంలో పప్పు కావచ్చు.

‘ఖాళీ’ అనే మాట కాగితం మీద ఏం చేయగలదో మనకి కొత్తగా చెప్పాలా? రికార్డుల్లో ‘బంజరు’ అని రాసి ఉన్నచోట గొర్రెలు మేపుకునేవాళ్ళు ఉంటారు. ఆ మాట చూపించే వాళ్ళని లేపేస్తారు. అక్కడ అద్దాల మేడలు లేస్తాయి. వాటిలో నాలాంటివాళ్ళు కూర్చుని కోడ్ రాస్తారు, శని ఆదివారాల్లో సాహిత్యం మాట్లాడతారు. కనీసం ఆ మాట వాడేముందు మనకి నాలుక తడబడాలి.

ప్రెయిరీ గురించి రాయబోయేవాళ్ళకి ఒక సూచన. బయల్దేరేముందు మరియా కాంప్‌బెల్ ‘హాఫ్‌బ్రీడ్’ (1973) చదవండి. భూములు పోయాక మేటీలు రోడ్డు కోసం వదిలిన ప్రభుత్వ స్థలాల్లో, దారి అంచున గుడిసెలు వేసుకుని బతికారు. వాళ్ళని ‘రోడ్డు అలవెన్సు జనం’ అనేవారు. ఆ పుస్తకం చదివాక కూడా రోడ్డు పక్కన ఏమీ కనిపించలేదంటే అదే రాయండి, నేను చదువుతాను. చదవకుండా రాసేట్టయితే మాత్రం విమానంలో వెళ్ళండి. టొరంటో నుంచి కాల్గరీకి నాలుగు గంటలు చాలు.