సూది కన్నా ముందు బీడీ మానాలి

నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేస్తుంది, కాసేపు ఆగితే సర్దుకుంటుంది. కొన్నాళ్లకు కూర్చున్నా నొప్పే. రాత్రిపూట కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తే తప్ప నిద్ర పట్టదు. ఆ తర్వాత వేలి కొన నల్లబడుతుంది, పుండు ఎంతకీ మానదు.

నలభై అయిదేళ్లు దాటకుండానే, బీడీ సిగరెట్లు తాగే మగవాళ్లలో ఎక్కువగా కనిపించే ఈ జబ్బు పేరు బర్గర్స్ వ్యాధి. 1908లో న్యూయార్క్ డాక్టర్ లియో బర్గర్ దీన్ని వివరంగా రాశారు. కాళ్లూ చేతుల్లోని చిన్న రక్తనాళాలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి. నాళాలు మరీ సన్నవి కావడంతో చాలామందికి బైపాస్ చేసే వీలుండదు.

అలాంటి వాళ్ల కోసమే బెంగళూరు సంస్థ స్టెంప్యూటిక్స్ 'స్టెంప్యూసెల్' తయారుచేసింది. ఆరోగ్యవంతులైన దాతల ఎముక మజ్జలోని మూలకణాలను (స్టెమ్ సెల్స్) ల్యాబులో పెంచి, రోగి పిక్క కండరంలో చాలాచోట్ల సూదితో ఎక్కిస్తారు. ఆ కణాలు విడుదల చేసే ప్రొటీన్లు కొత్త సన్న నాళాలు పుట్టేలా ప్రేరేపిస్తాయని శాస్త్రవేత్తల భావన. బర్గర్స్ వ్యాధికి వాడేందుకు 2016లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ దీనికి పరిమిత అనుమతి ఇచ్చింది. ధమనుల్లో కొవ్వు పేరుకుని కాలు ప్రమాదంలో పడ్డవారికీ 2020లో అనుమతి వచ్చింది.

అంతమాత్రాన 'స్టెమ్ సెల్' బోర్డు పెట్టిన ప్రతి క్లినిక్‌లోనూ ఇదే వైద్యం దొరుకుతుందని నమ్మకూడదు. ఉదాహరణకు, నెదర్లాండ్స్‌లో 160 మందిపై జరిగిన జువెంటాస్ పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. రోగుల సొంత మజ్జ కణాలను తొడ ధమనిలోకి ఎక్కించినా, ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోలిస్తే కాళ్లు తీసేయాల్సి రావడం తగ్గలేదు. కణాల రకం, ఎక్కించే చోటు, రోగి జబ్బు, వీటిలో ఏది మారినా లెక్క మారిపోతుంది. అనుమతి లేని స్టెమ్ సెల్ ప్రయోగాలు క్లినికల్ ట్రయల్‌గానే జరగాలనీ, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదనీ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇంత ఖరీదైన పరిశోధన వెనక ఉన్న కారణం మాత్రం పాతదే, పొగాకు. పొగాకు పూర్తిగా మానేసిన బర్గర్స్ రోగుల్లో, అప్పటికి కాలు కుళ్లిపోకుండా ఉంటే, కాలు తీసేయాల్సిన అవసరం చాలా అరుదు. రోజుకు ఒక్క బీడీతో సరిపెట్టుకున్నా జబ్బు ముదురుతూనే ఉంటుంది. అందుకే రక్తనాళాల వైద్యులు ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ పొగాకు మాన్పించే కౌన్సెలర్ ఉండి తీరాలి.

నడిస్తే పిక్క పట్టేస్తుంటే చేతిలోనూ చీలమండ దగ్గరా బీపీ చూసి పోల్చమని డాక్టరును అడగండి. పొగాకు మానడానికి కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356.