చెత్తకొండ కంపిస్తే?

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి. ప్రక్కనే ఉన్న జియా సరాయ్ ఇరుకు సందులలో పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులకు కొదవ లేదు. వారు వల్లెవేసే సివిల్ ఇంజనీరింగు గ్రంథాలలో ఇసుక, బంకమట్టి, శిల ఎంత బరువు మోయగలవో తెలిపే పట్టికలు ఉంటాయి. చెత్తకు మాత్రం అటువంటి పట్టిక సాధారణంగా కానరాదు. అయితే అదే నగరపు తూర్పు అంచున, గాజీపూర్‌లో 1984 నుండి పోగుపడిన చెత్త 2019 నాటికి సుమారు 65 మీటర్ల కొండ అయింది. కుతుబ్ మీనారు కంటే అది ఏడెనిమిది మీటర్లే తక్కువ!

2017 సెప్టెంబరు 1న ఆ కొండలో ఒక భాగం విరిగి జారిపడింది. ఆ తాకిడికి దారిన పోతున్న వాహనాలు ప్రక్కనున్న కాలువలో పడ్డాయి, ఇద్దరు మరణించారు. దానికి భూకంపం కారణం కాదు. కాని ఢిల్లీ భూకంప ప్రమాదం లేని నగరమేమీ కాదు. కంపం వస్తే ఇటువంటి కొండ నిలుస్తుందా అన్నదే ఇంజనీర్ల ముందున్న ప్రశ్న.

జవాబు ప్రధానంగా రెండు గుణాలపై ఆధారపడుతుంది. ఒకటి దృఢత్వం, రెండవది ఊపును తనలో అణచుకునే శక్తి. కంపం తీవ్రమైన కొద్దీ మొదటిది తగ్గుతుంది, రెండవది పెరుగుతుంది. దృఢత్వాన్ని తెలుసుకొనడానికి నేలపై వరుసగా గ్రాహకాలను అమర్చి, సమ్మెటతో మోది, తరంగం ఎంత వేగంతో పయనించిందో కొలుస్తారు. తిర్యక్ తరంగ వేగాన్ని వర్గం చేసి సాంద్రతతో గుణిస్తే దృఢతా గుణకం లభిస్తుంది. వినడానికి సులువే! సాంద్రత దగ్గరనే చిక్కు వస్తుంది. గుడ్డపీలికలు, ప్లాస్టిక్ సంచులు, ఇటుకముక్కలు, కుళ్ళిన కూరగాయలు కలగలిసిన పదార్థాన్ని చెదరకుండా ప్రయోగశాలకు తేవడం దుస్సాధ్యం. తెచ్చినా, అరచేతిలో ఇమిడే నమూనా కొండ స్వభావాన్ని చెప్పదు.

అందుకే మెషీన్ లెర్నింగ్ వైపు పరిశోధకుల దృష్టి మళ్ళింది. లోతు, వయస్సు, తేమ, బరువు, చెత్తలోని పదార్థాల పాళ్ళు కంప్యూటరుకు ఇస్తారు. లోగడ కొలిచిన ఫలితాలతో వాటిని పోల్చి, కొలవని చోట దృఢత్వం ఎంత ఉండవచ్చునో అది అంచనా కడుతుంది. ఖర్చూ, కాలమూ కలిసివస్తాయి.

కాని యంత్రం చూసినదే నేర్చుకుంటుంది. నిజమైన భూకంపంలో చెత్తకొండ ఎలా ఊగిందో నమోదైన సందర్భాలు బహు స్వల్పం. 1994 నాటి నార్త్‌రిడ్జ్ భూకంపంలో కాలిఫోర్నియాలోని ఓ.ఐ.ఐ. చెత్తదిబ్బపై దొరికిన కొలతలే నేటికీ ముఖ్యాధారాలలో ఒకటి. అమెరికా చెత్తలో కాగితం, అట్టలు ఎక్కువ. మన చెత్తలో వంటింటి వ్యర్థాలు, మట్టి ఎక్కువ. అక్కడి పాఠం నేర్చిన యంత్రం ఇక్కడ జవాబు చెప్పకపోదు. ఆ జవాబు తప్పయినా అంతే ధీమాగా చెబుతుంది, అదే అసలు ప్రమాదం. ఒకే దిబ్బ కొలతలను రెండుగా విభజించి, సగంతో నేర్పి సగంతో పరీక్షిస్తే మార్కులు ఘనంగానే వస్తాయి. ఎన్నడూ చూడని మరో దిబ్బపై నెగ్గితేనే అది పరీక్ష.

గాజీపూర్‌లో మరొక చిక్కు కూడా ఉన్నది. 2019లో అక్కడ పాత చెత్తను త్రవ్వి జల్లెడ పట్టే పని ఆరంభమైంది. త్రవ్విన వాలు మునుపటి వాలు కాదు. దాని కొలతలు మళ్ళీ తీసుకొనవలసిందే.