కోహినూరు సరే, అమరావతి సంగతేంటి?

లండన్ వెళ్ళొచ్చిన మన తెలుగువాళ్ళని ఎవర్నైనా కదిపి చూడండి. "కోహినూర్ చూశాం" అంటారు. ఆ వెంటనే "మన గోల్కొండది కదండీ, ఎత్తుకుపోయారు" అంటారు. మాది షేక్‌పేట. డాబా ఎక్కితే గోల్కొండ కోట కనపడుతుంది కాబట్టి ఈ డైలాగు కొట్టే హక్కు మాకు ఇంకాస్త ఎక్కువే ఉందనుకోండి :) అయినా సరే, నా ఉద్దేశంలో మనం ఇంగ్లండుని అడగాల్సింది కోహినూరు కాదు. అమరావతి రాళ్ళు. ఎందుకో చెప్తాను.

పది రోజుల యూరప్ ట్రిప్పులో ఆఖరి రెండు రోజులు లండన్‌కి కేటాయించుకున్నాం, నేనూ మా ఆవిడా. అందులో ఒక రోజంతా మ్యూజియాలకే. పొద్దున టవర్ ఆఫ్ లండన్, మధ్యాహ్నం నుంచి బ్రిటిష్ మ్యూజియం. మీరూ ఇలాగే ప్లాన్ చేస్తుంటే శుక్రవారం పెట్టుకోండి, బ్రిటిష్ మ్యూజియం ఆ రోజు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది.

టవర్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. టికెట్టు మనిషికి ముప్ఫై పౌండ్ల పైనే. కిరీటాల ముందు నిలబడటానికి ఉండదు, కింద కదిలే పట్టీ మిమ్మల్ని తీసుకెళ్ళిపోతుంది. రాణీగారి తల్లి కిరీటంలో కోహినూరు కనపడేది కొన్ని క్షణాలు. ఇంకోసారి తిరిగొచ్చి మళ్ళీ పట్టీ ఎక్కాం. అంతే.

ఇప్పుడు ఈ వజ్రం మీద మన హక్కు ఎంత గట్టిదో చూద్దాం. కొల్లూరు గనిలో దొరికిందని అంటారు. పల్నాడులో కృష్ణ ఒడ్డున ఉన్న ఈ గనిని పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే స్వయంగా చూసి, అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ చోటు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. వజ్రం ఇక్కణ్ణుంచి మొగలుల దగ్గరికి ఎలా వెళ్ళిందనేదానికి రకరకాల కథలున్నాయి. 1739లో నాదిర్ షా ఢిల్లీ నుంచి పట్టుకుపోయాడు. అక్కణ్ణుంచి అఫ్ఘన్ల దగ్గరికి, 1813లో రంజిత్ సింగ్ దగ్గరికి, 1849లో పదేళ్ళ పిల్లాడు దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించుకున్న లాహోర్ ఒప్పందంతో ఇంగ్లీషువాళ్ళ దగ్గరికి. 1852లో వాళ్ళు దాన్ని మళ్ళీ సానపట్టి 186 క్యారెట్లని 105 చేశారు. మనతో పాటు పాకిస్తాన్, ఇరాన్, అఫ్ఘనిస్తాన్‌ల నుంచీ "మాదే" అన్నవాళ్ళున్నారు. 2016లో సుప్రీంకోర్టులో మన ప్రభుత్వ లాయరే అది దొంగిలించింది కాదు, బహుమతిగా వెళ్ళింది అన్నాడు, గోల అయ్యాక ప్రభుత్వం మాట మార్చుకుంది. కోర్టు కేసుగా చూస్తే ఇంతకన్నా చిక్కు కేసు ఉండదు. పోనీ ఇచ్చారే అనుకోండి, ఎవరికివ్వాలి? ఢిల్లీకా, అమృత్‌సర్‌కా, హైదరాబాదుకా? ఆ తగువు ఇంకో వందేళ్ళు నడుస్తుంది.

మధ్యాహ్నం సంగతికొద్దాం. బ్రిటిష్ మ్యూజియానికి టికెట్టు లేదు. మనవాళ్ళందరి రూటూ ఒకటే. రొజెట్టా రాయి, ఈజిప్టు మమ్మీలు, గ్రీకు పార్థినాన్ శిల్పాలు, ఫొటోలు, షాపులో ఫ్రిజ్ మాగ్నెట్, బయటికి. 33వ నంబరు గది దాకా వచ్చేసరికి కాళ్ళు పీకుతుంటాయి. ఆ గది ఒక చివర అద్దాల వెనక 33ఏ అని చిన్న గది ఉంది. మా ఆవిడ ముందు నడుస్తోంది. ఆవిడ పుట్టిల్లు సత్తెనపల్లి. అద్దంలోంచి లోపలికి చూసి ఆగిపోయింది. "ఏమండీ, ఇది మా అమరావతి!"

చిన్నప్పట్నుంచీ కార్తీక మాసంలో అమరేశ్వరుడి గుడికి వెళ్ళిన మనిషి. గుడికి కూతవేటు దూరంలో ఉన్న స్తూపం దిబ్బ దగ్గరికి మాత్రం ఎవరూ తీసుకెళ్ళలేదట. నూట ఇరవైకి పైగా అమరావతి శిల్పాలు, శాసనాలు ఉన్నాయి ఈ మ్యూజియం దగ్గర. అందులో ఒక పలక ముందు మేం అరగంట నిలబడ్డాం (ఇక్కడ కదిలే పట్టీ లేదు). దానికి రెండు వైపులా చెక్కడమే. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలో ఒకవైపు చెక్కారు. బోధివృక్షం, దాని కింద ఖాళీ సింహాసనం, చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించని కాలం అది. మూడొందల ఏళ్ళు పోయాక అదే పలకని తిప్పి, వెనక వైపు ఏకంగా స్తూపం బొమ్మే చెక్కారు. గుమ్మం దగ్గర సింహాలు, వరసగా అయిదు స్తంభాలు, ఆకాశంలో దేవతలు. పాత కోడ్ తీసెయ్యకుండా కొత్త వెర్షన్ రాసినట్టు. అమరావతి స్తూపం నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకి తెలుస్తోందంటే ఇలాంటి పలకల వల్లే.

అవి అక్కడికి ఎలా చేరాయన్నది అసలు కథ. ఇందులో హీరోలు తక్కువ. 1790లలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి అమరావతికి మారి కొత్త ఊరు కట్టించాడు. రాళ్ళ కోసం మనుషులు దీపాలదిన్నెని తవ్వారు. దిన్నె లోపల స్తూపం ఉంది. 1797లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకెంజీ వచ్చి చూశాడు. (మెకెంజీ పేరు చెప్పినప్పుడు ఏలూరి కావలి సోదరులని మర్చిపోకూడదు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి లేకపోతే ఆయనకి మన ఊళ్ళ గురించి ఒక్క ముక్క తెలిసేది కాదు.) 1816లో తిరిగొచ్చేసరికి మధ్యలో చెరువు తవ్వేసి ఉంది, పలకలు చాలావరకు మాయం. ఇంగ్లీషువాళ్ళు "మార్బుల్స్" అన్నారు కానీ అది పల్నాటి సున్నపురాయి. కాలిస్తే సున్నం. ఎన్ని జాతక కథలు మన గోడలకి సున్నమైపోయాయో!

1845లో గుంటూరు కమిషనరు వాల్టర్ ఎలియట్ తవ్వించి పలకల్ని మద్రాసు పంపాడు. అక్కడ పద్నాలుగేళ్ళు ఎండకీ వానకీ పడున్నాయి. 1859లో లండన్‌కి ఓడెక్కించారు. లండన్‌లో అయినా నెత్తిన పెట్టుకున్నారా అంటే అదీ లేదు. ఫైఫ్ హౌస్ అనే భవనంలో కొన్ని బయట గోడకి, మిగతావి బండ్లు పెట్టుకునే షెడ్డులో. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ ఆ షెడ్డులో చూసేదాకా పట్టించుకున్నవాడు లేడు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. వాటికోసం తేమ, వేడి అదుపులో ఉండే ప్రత్యేక గది ఏర్పడింది 1992లో. ఆ 1880లోనే ఇక్కడ మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకుగారి హుకుంతో దిబ్బ మొత్తం తవ్వేసి గుంట మిగిల్చారు. పద్ధతి ప్రకారం చూసేవాడికి ఇంకేం మిగల్లేదు.

కాబట్టి "మేం కాపాడాం" అనే ఇంగ్లీషువాళ్ళ మాట సగం నిజం. సున్నపు బట్టీ నుంచి తప్పించారు, ఒప్పుకోవాలి. తర్వాత వానకి వదిలేశారు, అదీ ఒప్పుకోవాలి.

ఇక హక్కు సంగతి. ఇక్కడ యుద్ధాల్లేవు, నాదిర్ షా లేడు, నాలుగు దేశాల తగువు లేదు. ఏ ఊరినుంచి, ఏ ఏడు, ఏ అధికారి తీయించాడో రాసి ఉంది. ఒక్కో పలకకీ నంబరు ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇవి ఒకే కట్టడం ముక్కలు. మిగతా ముక్కలు అమరావతిలో, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. వజ్రం ఎక్కడున్నా వజ్రమే. ప్రాకారం మాత్రం మూడు చోట్ల ఉంటే ఎక్కడా ప్రాకారం కాదు.

"మనకిస్తే మాత్రం చూసుకుంటామా" అని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు. ఈ మాటకి సమాధానం మా ఇంటి పక్కనే రెండు రకాలుగా ఉంది. షేక్‌పేట సరాయి కుతుబ్‌షాహీల కాలంలో బాటసారులు దిగడానికి కట్టింది, ఏళ్ళ తరబడి పాడుబడి పడి ఉంది. అక్కణ్ణుంచి కాస్త ముందుకెళ్తే కుతుబ్‌షాహీ సమాధులు. 2013 నుంచి 2024 దాకా ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి పదకొండేళ్ళు ఓపిగ్గా బాగుచేశారు, సున్నంతోనే, మన మేస్త్రీలతోనే. అంటే చేతగాక కాదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ శిల్పం సంగతి కూడా చెప్పాలి. ఈ శతాబ్దం మొదట్లో అక్కణ్ణుంచి చోరీ అయి, 2005లో దాదాపు ఆరు లక్షల డాలర్లకి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది, 2016లో తిరిగొచ్చింది. భయం ఉండాల్సిందే. కానీ భయం కాపలా పెట్టడానికి, అడక్కుండా ఊరుకోవడానికి కాదు.

బ్రిటిష్ మ్యూజియం 1963 చట్టం ప్రకారం తన వస్తువుల్ని దాదాపుగా ఎవరికీ ఇచ్చెయ్యలేదు. అప్పుగా మాత్రం ఇవ్వచ్చు. 2024లో ఘనాకి అసాంటే బంగారం మూడేళ్ళకి అలాగే వెళ్ళింది. అదే ఏడు మరాఠీవాళ్ళు ఇంకో లండన్ మ్యూజియం నుంచి శివాజీది అని చెప్పే పులిగోళ్ళు మూడేళ్ళకి తెచ్చుకుని సాతారాలో పెట్టుకున్నారు. ఆ గోళ్ళ గురించి జరిగిన హడావిడిలో పదో వంతు అమరావతి గురించి జరగలేదు. పేరు మాత్రం రాజధానికి పెట్టుకున్నాం!

అడిగేలోపు మనం చెయ్యగలిగింది ఒకటుంది. లండన్ పలకల ఫొటోలు నంబర్లతో సహా నెట్‌లో ఉన్నాయి. మెకెంజీ మనుషులు 1816-17లో గీసిన బొమ్మలు బ్రిటిష్ లైబ్రరీ దగ్గర ఉన్నాయి. ఇప్పుడు లేని పలకలు కొన్ని ఆ కాగితాల మీదే మిగిలాయి. ఇవన్నీ ఒక్కచోట పెట్టి స్తూపాన్ని త్రీడీలో నిలబెట్టడం సాధ్యమే. మా ఇంటికి కూతవేటు దూరంలో ఫిల్మ్‌నగర్, గ్రాఫిక్స్ తెలిసిన కుర్రాళ్ళు ఎంతమందో. లేని మాహిష్మతిని చూపించినవాళ్ళం, ఉన్న ధాన్యకటకాన్ని చూపించలేమా?

లండన్ కన్నా ముందు ఎగ్మూరు ఉంది. అమరావతికి నాలుగొందల కిలోమీటర్ల పైచిలుకు, వీసా అక్కర్లేదు, చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే పొద్దున దిగచ్చు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పలకల్ని గోడలకి సిమెంటుతో బిగించేశారు కాబట్టి వాటిని తేవాలంటే అదో పెద్ద పని, కానీ చూడటానికేం అడ్డు లేదు. మా ఆవిడ అప్పుడే టికెట్లు వెతుకుతోంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఆ మ్యూజియానికి సెలవు శుక్రవారం.